పాత లెన్సు మీద వేసిన నింద

తప్పంతా లెన్సుదేనని పెద్దాయన నాటకశాలలో అందరికీ చెప్పేశాడు. మేనేజరుకి చెప్పాడు, టికెట్లు చింపే ఆవిడకి చెప్పాడు, అడగనివాళ్లని కూడా ఆపి మరీ చెప్పాడు. ఇరవై ఆరేళ్లుగా అక్కడ ఫొటోలు తీసేది ఆయనే. ఫ్లాష్ వెలిగించకూడదు, నడిచే దారిలో స్టాండు పెట్టకూడదు. చివరి వరస వెనక నిలబడి, ఊపిరి బిగబట్టి, ఆ గుడ్డి వెలుతురులోనే నాయిక కంటి తడిని పట్టుకునేవాడు. అలాంటిది పోయిన రెండు నాటకాల ఫొటోలూ అలికేసినట్టు వచ్చాయి.

"ఈసారి మీ మేనకోడలి చేత తీయిద్దామాండీ?" అన్నాడు మేనేజరు నసుగుతూ.

పెద్దాయన మనసు చివుక్కుమంది. "లెన్సు ముసలిదైపోయిందండీ. కొత్తదాంతో పోల్చి రుజువు చూపిస్తా" అన్నాడు.

పత్రికలకి ఫొటోలు తీసే మేనకోడలు తన కొత్త టెలీఫొటో జూమ్ లెన్సు పట్టుకొచ్చింది. బరువులో పాతదాంట్లో సగం లేదు. పాతదేమో గొట్టాన్ని ముందుకీ వెనక్కీ తోస్తే తప్ప జూమ్ కాదు, అంచుల్లో రంగూడి ఇత్తడి బయటపడింది. కొత్తదాంట్లో ఇంకో సౌకర్యముంది. ఒక మీట నొక్కితే, చెయ్యి కాస్త కదిలినా బొమ్మ చెదరదు.

పరీక్ష అంటే పెద్దాయనకి పద్ధతి పద్ధతే. తన ఇంటి వరండా చివర గోడకి చిన్న ప్రకటనల పేజీ అతికించాడు, పేపరు మొత్తంలో సన్నటి అక్షరాలు అక్కడే ఉంటాయని. టేపుతో దూరం కొలిచాడు. రెండు లెన్సులకీ న్యాయం జరగాలని స్టాండు తెచ్చి బిగించాడు. స్టాండు మీద ఉన్నంతసేపూ ఆ మీట కట్టేసి ఉంచాలని మేనకోడలికి పాఠం కూడా చెప్పాడు.

ఫొటోలు కంప్యూటర్లో తెరిచారు. కొత్త లెన్సు మూలమూలలా పదునుగా ఉంది. పాతది అంచుల్లో కాస్త మందగించినా, మధ్యలో మాత్రం 'గది అద్దెకు, పిల్లిని పెంచేవారు రావద్దు' అని పిల్లి ఒత్తుతో సహా చదవొచ్చు. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. లెన్సుకి ఏ రోగమూ లేదు.

మేనకోడలు స్టాండు విప్పి, పాత లెన్సు ఉన్న కెమెరా ఆయన చేతికిచ్చింది. తీశాడు. పేజీ అంతా బూడిద పూసినట్టు వచ్చింది. కొత్త లెన్సు బిగించి, మీట నొక్కి మళ్లీ ఇచ్చింది. పిల్లి కనబడింది.

కొన్ని నెలలుగా కాఫీ కప్పు సగమే నింపమంటున్నాడు. చొక్కా గుండీలు తలుపేసుకుని పెట్టుకుంటున్నాడు. లెన్సు మీదకి తోసేస్తే ఆ సంగతి పోతుందనుకున్నాడు పాపం.

"ఈ లెన్సు నువ్వే ఉంచుకో మామయ్యా. నాటకం నువ్వే తియ్యి" అంది మేనకోడలు, కంప్యూటర్ తెర మీదనుంచి చూపు తిప్పకుండా. "మేనేజరుగారికి పాతది పాడైందనే చెబుదాం. ఎవరికి తెలుస్తుంది?"

ఎవరికీ తెలియదు, నిజమే. పరువు దక్కుతుంది, పనీ దక్కుతుంది. పెద్దాయనకి ఆశ పుట్టింది కూడా. పాత లెన్సు చేతిలోకి తీసుకుని దాని మూత బిగించబోయాడు. రెండుసార్లు జారింది. మేనకోడలు సాయం చెయ్యబోయి ఆగిపోయింది. మూడోసారి మూత కూర్చుంది.

"ఇన్నేళ్లు అన్నం పెట్టింది, దీన్నెందుకే ఆడిపోసుకోవడం?" అన్నాడు. "నాటకం నేనే తీస్తా, నీ లెన్సుతోనే. పాడైంది నా చెయ్యేనని మేనేజరుకి నేనే చెబుతా."

గోడ మీది పేజీ ఊడదీసి మడిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు డాక్టరు దగ్గరికి తోడొస్తావుటే? ఒక్కణ్ణే వెళ్లాలంటే భయంగా ఉంది" అన్నాడు.