సచేల స్నానము

జ్యేష్ఠమాసము సగము గడచినను మేఘశకల మొక్కటియైన నాకసమునఁ గానరాకుండుటచేఁ బ్రచండమార్తాండుఁడు ప్రాతఃకాలమునుండియే నిప్పులు చెరుగుచుండ నారికేళవనపరివృతమగు కోనసీమయంతయు మూఁతవేసిన యన్నపుకుండవలె నుడుకుచుండెను. కాలువలకు నీరింకను విడువఁబడమి నడుగుబురద నెఱియలు విచ్చి యందుఁ జిక్కిన చేపపిల్లలకై కొంగలు తపస్సు చేయుచుండెను. అమలాపురమునందలి న్యాయస్థానప్రాంగణమున నల్లకోటులు తొడిగిన న్యాయవాదులు స్వేదజలక్లిన్నకంఠులై దస్తావేజులతో విసరుకొనుచుండఁగా వ్యాజ్యెములాడువారు గోడనీడకు నురికి యొకరి మడమల నొకరు త్రొక్కుకొనుచుండిరి.

ఆ గుంపులో గోగులమెరక కాఁపురస్థుఁడగు యాళ్ళ వ్యాఘ్రేశ్వరుఁ డనువాఁ డుండెను. అఱువదియేండ్లు దాఁటినను దవడకండలు సడలని యా భూస్వామి నాఁడు ప్రతివాదిగా బోనెక్కి తన సాక్ష్యమును ముగింపవలసి యుండెను. వాదియగు కొప్పేశ్వరుఁ డాతనికిఁ దమ్ముఁడు. ఒక్క తల్లి కడుపునఁ బుట్టి యొక్క యుయ్యెలలో నూఁగినవాఁడు. తండ్రి సోమరాజువైద్యుఁడు విడిచిపోయిన కొబ్బరితోఁటలో సగము తనకు రావలెనని తమ్ముఁడు దావా తేఁగా “వీఁడు నా తమ్ముఁడు గాఁడు; పూర్వ ముప్పెనలోఁ దల్లిదండ్రులు కొట్టుకొనిపోయిన యనాథ; మా తండ్రి జాలిపడి తెచ్చి పెంచెను” అని వ్యాఘ్రేశ్వరుఁడు గడచిన వాయిదాలో దేవుని పేరఁ బ్రమాణముచేసి చెప్పియుండెను. ఆ యుపాయము చెప్పినవాఁడు ప్లీడరే గాని పలికిన నోరు మాత్ర మాతనిదే. పురుడు పోసిన మంత్రసాని గతించినది. జననములు వ్రాసిన కాగితము లా యుప్పెననీటనే కరఁగిపోయినవి. కాదనుట కెవ్వరును మిగులలేదు. నాఁడు వాదిగాని వాని సాక్షులుగాని రాకుండుటఁ గాంచి యాతఁడు మీసముమీఁద వ్రేలు వేసికొని లోలోన నవ్వుకొనెను.

ఇంతలో నాతని ప్లీడరుగుమాస్తా చెమట తుడుచుకొనుచు వచ్చెను.

“ఇవాళ లేదండి. పాత ప్లీడరుగారొకాయన పోయేరు కదా, సంతాపం. వచ్చే నెల్లో పెట్టేరు.”

“ఆయన పోతే నాకు వాయిదా ఏంటయ్యా? నేనేఁవన్నా ఆయన చుట్టాన్నా?”

“చుట్టం కాకపోయినా పోయినోళ్ళకి ఆ మాత్రం మర్యాద చెయ్యాలి గదండి!” అని గుమాస్తా నవ్వి చల్లగా జాఱుకొనెను.

ఊరికిఁ బోవు బస్సు పొద్దువాలినఁగాని లేదు. చేయుటకుఁ బనియు నిలుచుటకు నీడయు లేని వ్యాఘ్రేశ్వరుఁడు వెనుకవీథిలోనికి నడచి యచ్చట సూరన్న యనువాని పాతపుస్తకముల యంగడియరుగుమీఁదఁ దిరుగుచున్న పంకను జూచి గ్రంథములమీఁది ప్రీతిచేఁ గాక గాలిమీఁది యాశచే లోనఁ బ్రవేశించెను. అది పూర్వము ధాన్యపుకొట్టు. మూషికదంష్ట్రాజర్జరితములును ముఖపత్రవిహీనములును బాలకలిఖితశ్మశ్రుమండితచిత్రములును నగు పుస్తకములు నేలనుండి దూలములవఱకుఁ బేరుకొనియుండ వాని నడుమ నొక్క మనిషి యొరసికొని పోవునంత సందు మాత్రము విడువఁబడియుండెను. పొట్టమీఁద విసనకఱ్ఱ పెట్టుకొని కునుకుచున్న సూరన్న యొక్క కన్ను దెఱచెను.

“రండి బాబూ, కూకోండి. కొనక్కర్లేదండి. పంకాకింద నించున్నందుకు నేనేఁవీ ఛార్జి చెయ్యను.”

“ఏమున్నాయయ్యా నీ దగ్గర?”

“అన్నీ ఉన్నాయండి, ఆఖరి పేజీలు తప్ప. ఇదిగో ఈ డిటెక్టివు నవల చూడండి. హంతకుడెవడో తేలే పేజీ ఎవడో చింపుకుపోయేడు. ఆడే హంతకుడని నా అనుమానం.”

వ్యాఘ్రేశ్వరుఁడు పకపక నవ్వెను. అట్లు నవ్వి యెన్నాళ్ళయ్యెనో యాతనికే తెలియదు. తండ్రి యొడిలోఁ గూర్చుండి యక్షరములు దిద్దుకొనిన యాతఁడు దావాకాగితములు దప్ప నచ్చుముక్క చదివి యేండ్లు గడచినవి. తొలుత నిలువఁబడి, పిదప నొక మోడామీఁదఁ గూర్చుండి, యావల మోకాళ్ళమీఁద వంగి యాతఁ డా గుట్టలను దడవసాగెను. ఏనాఁడో కడచిపోయిన వత్సరములకు సకలసస్యసమృద్ధిని వాగ్దానము చేసిన పంచాంగములును, పుటలైనఁ గోయఁబడని పెండ్లికానుకలును, నడుమ నెవ్వతెదో నెరసిన వెండ్రుక చిక్కుకొనిన స్తోత్రపుస్తకములును జేతికి వచ్చుచుండ నొక్కొక్కదానిలో నొక్కొక్క పుట చదివి ప్రక్కనఁ బెట్టుచు నాతఁడు వాయిదాను మఱచెను, తోఁటను మఱచెను, చుట్ట కాల్చుటయు మఱచెను. సూరన్న తన చద్దిలో సగము పెట్టి మజ్జిగ పోసెను.

భోజనానంతరము లోపలిగదిలోఁ గాలు సాఁచుకొనఁబోయి తడఁబడి యొక యెఱ్ఱగుడ్డయట్టల గుట్టపైఁ జేయి యానించిన వ్యాఘ్రేశ్వరుఁడు చేయి తీయలేక నిలిచిపోయెను. ఆ గుడ్డ యాతఁ డెఱిఁగినది. ఆ యట్టల యంచులయందుఁ బసరంటిన బొటనవ్రేలి మరకలు వరుసగా నుండెను. అవి యాతని తండ్రి వ్రేలివి. పసరుమందు నూఱిన చేతితోడనే పుటలు త్రిప్పుట సోమరాజువైద్యుని యలవాటు.

అది పది సంపుటముల వైద్యగ్రంథము. ఒక సంపుటమున రోగలక్షణములు చెప్పి దాని తరువాతి సంపుటమున వానికిఁ జికిత్సలు చెప్పుచుఁ బోవుట దాని పద్ధతి. తండ్రి పోయినయేఁడు తగవులు మొలకెత్తి యింటిలోని సామానులు పంచుకొనునాఁడు చివరకు మిగిలిన యా సంపుటములను గూర్చి యన్నదమ్ములు గొంతులు చించుకొని, యెవ్వఁడును దగ్గక, వరుసలో నొకటి నీకు నొకటి నాకు నని పంచుకొనిరి. ఆ విధమున రోగము లన్నియు నన్నయింటికిని మందు లన్నియుఁ దమ్మునియింటికిని జేరినవి. చూచినవారు నవ్విరి. వారికి మాత్రము నవ్వు రాలేదు.

ఆ మందుల సంపుటము లైదును నిప్పు డీ యంగడిలోఁ బడియుండెను. తండ్రిచేతి పుస్తకములను బ్రాణముండఁగాఁ గొప్పేశ్వరుఁ డమ్మువాఁడు గాఁడు. ఆ సంగతి వ్యాఘ్రేశ్వరునికంటె నెఱిఁగినవారు లేరు. ‘చచ్చెనా?’ యను ప్రశ్న యాతని యెదలో లేచినతోడనే దాని తోఁక పట్టుకొని ‘చచ్చెనేని తోఁట నిలుచును’ అను సంతోషమును లేచెను. చదువరులారా, దుఃఖ మాతనికి రాకపోలేదు. అది రెండవదిగా వచ్చెను. ముందు వచ్చినదానిని జూచుకొని యాతఁ డదరిపడెను.

అడిగినఁ దెలియును. సూరన్న పదియడుగుల దూరమునఁ గూర్చుండి చిరిఁగిన పుటలకు జిగురు పూయుచుండెను. అయినను వ్యాఘ్రేశ్వరుఁ డడుగలేదు. మఱల వెలుపలిగుట్టలయొద్దకుఁ బోయి కథలపుస్తక మొకటి తలక్రిందులుగాఁ బట్టుకొని కూర్చుండెను, లేచివచ్చి యెఱ్ఱయట్ట నొకమా ఱంటి చూచెను, మఱలఁ బోయెను. ఉదయ మంత యింపుగా నుండిన పుస్తకములు మధ్యాహ్నమున నన్నియు నొక్కటే యై నల్లచీమలబారులవలెఁ గన్నులముందుఁ బ్రాఁకుచుండెను. తెలియనంతసేపును దమ్ముఁడు బ్రదికియే యుండు ననునట్లు గడియ వెనుక గడియ నాతఁ డీడ్చెను. తుదకు నీడలు వీథిని సగము గప్పినవేళ గొంతు సవరించుకొని యేమియు నెఱుఁగనివానివలె నిట్లనెను.

“ఆ లోపల ఎర్రట్టలవి ఎక్కడియ్యా?”

“అవాండి? ఏటవతలినించండి. యాళ్ళ కొప్పేశ్వరంగారని. పోయేరండి పాపం, పచ్చకామెర్లు. పెద్దకర్మ అయిన మర్నాడు ఇంట్లో ఆవిడ బండిమీద పంపింది. ఆ పుస్తకాలు కళ్ళబడితే కూడు సయించట్లేదందండి.”

వ్యాఘ్రేశ్వరుఁడు చేతిలోని పుస్తకమును మెల్లగా మూసెను. సూరన్న జిగురుపుల్ల నాడించుచు నింకను జెప్పుచునే యుండెను.

“అరగట్లేదనుకుని ఇందులో చూసుకుని నెల్లాళ్ళు ఏయో చూర్ణాలు మింగేరంట. పోకముందు ఓసారి ఇక్కడికొచ్చేరండి. కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయి. ‘సూరన్నా, వీటిలో మూడో భాగం ఎక్కడన్నా తగిల్తే అట్టేపెట్టు. మందులన్నీ నా దగ్గరున్నాయి, జబ్బేదో చెప్పేదే లేదు’ అని నవ్వేరు. పెద్దాసుపత్రికెళ్ళండి మొర్రో అంటే, నాన్న పుస్తకాలుండగా ఆసుపత్రేంటంటారు! మరి ఆ భాగమెక్కడుందండీ అన్నాను. ‘మా అన్నయ్య అటకమీదుంది. అడిగితే ఇచ్చేస్తాడు, వాడు మంచోడే. నాకే అడగటానికి మొహం చెల్లట్లేదు, దావా ఏసేను గదా’ అన్నారండి.”

“ఆ అన్నకి... కబురెట్టలేదా?”

“నేనూ అదే అడిగేనండి. ‘మా ఆయనకి అన్నదమ్ముల్లేరు, కోర్టువారే రాసుకున్నారు’ అందావిడ. ఆవిడా, చిన్నపిల్లా మిగిలేరు. పిల్లపేర దావా నడుపుతాదంట. గట్టి మనిషండి.”

రక్తసంబంధి మరణవార్త చెవినిబడినతోడనే యెచ్చట నుండిన నచ్చటనే కట్టుబట్టలతోఁ దల తడియ నీరు పోసికొనుట యా సీమలోఁ బసివారును నెఱిఁగిన యాచారము. దానినే పెద్దలు సచేలస్నాన మందురు. పరాయివానికై యెవ్వఁడును బట్టలతో మునుఁగఁడు. వ్యాఘ్రేశ్వరుని కది స్ఫురించెను. కాలువలో నీరు లేదు. ఉన్న కొళాయి న్యాయస్థానము నెదుట నున్నది. అచ్చట నాతని సాక్షులును నెదిరిపక్షపు గుమాస్తాయు నింకను ముచ్చటలాడుచుండిరి. వారి యెదుట నొక్కచెంబెడు నీరు నెత్తిపైఁ బోసికొనినఁ దాను జేసిన ప్రమాణ మా నీటితోడనే కొట్టుకొనిపోవును. సగము తోఁట యా పిల్లకుఁ బోవును. దొంగసాక్ష్యమునకు శిక్షయు వచ్చును. పోసికొననిచోఁ దన వ్రేలు పట్టుకొని నడక నేర్చినవాఁ డొక పరాయివానివలెఁ బోయినవాఁ డగును. తోఁటయా, తమ్ముఁడా యని యెన్నఁడును దనంత నడుగుకొనని ప్రశ్నను జెంబెడు నీ రాతని నడిగెను.

“నీ దొడ్లో నుయ్యుందా సూరన్నా?”

“ఉందండి. మొహం కడుక్కోండి, బాల్చీ అక్కడే ఉంది.”

దొడ్డిలో నెవ్వరును లేరు. చుట్టును నెత్తైన మట్టిగోడలు. అచ్చట నాతఁడు చెప్పులు విడిచి, పంచెయుఁ జొక్కాయు విప్పక, దక్షిణమునకుఁ దిరిగి నిలువఁబడి బాల్చీతో నీరు తోడి నెత్తిమీఁదఁ గుమ్మరించుకొనెను. మఱియొకటి తోడెను. మూఁడవది తోడునప్పు డాతని పట్టు దప్పి బాల్చీ నూతిలోనికి జాఱెను. ఆ చప్పుడు విని వచ్చిన సూరన్న గుమ్మములో నిలిచిపోయెను.

“ఆయ్! అదేంటండి, గుడ్డలతోటే పోసేసుకుంటున్నారు? అన్నదమ్ములెవరన్నా పోయేరా ఏంటి?”

అనిన తోడనే వాని మొగముననున్న నవ్వు మాయమయ్యెను. వాఁడు వ్యాఘ్రేశ్వరుని దవడలను, ముక్కును, నొసటిని జూచుచుండెను.

“నాకు అన్నదమ్ములెవరూ లేరయ్యా. ఉక్క.”

న్యాయస్థానమున నీ మాటను నేర్పినవాఁ డొకఁ డుండెను. ప్రమాణము చేయించినవాఁ డొకఁ డుండెను. ఆశపెట్టిన తోఁట యొకటి యుండెను. ఇచ్చట నివి యేవియు లేవు. గోడలును నుయ్యియు నొక పుస్తకములవాఁడును దప్ప వినువారు లేరు. నిజము చెప్పినను జెల్లిపోయెడి యొక్క చోటను నబద్ధము తనంతట తానే యాతని నోటినుండి వెలువడెను. సూరన్న దండెముమీఁది తువ్వాలును దీసి నూతిగట్టుపైఁ బెట్టి లోనికిఁ బోయెను.

తడిబట్టలతో వీథిఁబడరాదు. వ్యాఘ్రేశ్వరుఁడు పడమటియెండ పడుచున్న గోడకు వీఁపానించి కూర్చుండి యొకప్రక్క యారినంతనే రెండవప్రక్కకుఁ దిరుగుచుండెను. లోపలినుండి సూరన్న గొంతు మెల్లగా వినవచ్చెను.

“ఆ ఎర్రట్టలవి కట్టమంటారా అండి? మీరు తీసుకుంటే బాగుంటది.”

“వద్దు. మిగతా భాగాల్లేకుండా అవెందుకు పనికొస్తాయి?”

ఆతఁడు పంచె కుచ్చిళ్ళను బిడికిటఁ బిండి చూచుకొనెను. చొక్కాచంకలఁ దడవి చూచుకొనెను. తల వెండ్రుకలను వ్రేళ్ళతోఁ జిక్కుదీసి గాలి కారఁబెట్టెను. బస్సు వేళ సమీపించినప్పుడు లేచి నిలువఁబడి, యిఁక నెవ్వరును గనిపట్టలేరని నిశ్చయించుకొని, యంగడిలోనుండి తలవంచుకొని నడచి వీథిలోఁ గలిసిపోయెను. తోడఁబుట్టినవానికై యా పెద్దకొడుకు మేన నిలిచిన తడి యంతయు నా రెండు బాల్చీల నీరే. అదియును బ్రొద్దు గ్రుంకుటకు మున్నే యారిపోయెను.