మెర్విన్ బీట్‌రూట్ రసం

ఇంగ్లండులోని డెవన్‌లో ఉత్తరాలు పంచే మెర్విన్ పాస్కోకి యాభై ఎనిమిదేళ్లు. వేసవిలో ప్రతి గురువారం సాయంత్రం సైకిల్ క్లబ్బువాళ్ల పదిమైళ్ల పందానికి వెళతాడు. మూడు వేసవులుగా ఇరవై ఏడు నిమిషాల లోపు రావాలని అతని కోరిక. ఎంత తొక్కినా పది పన్నెండు సెకన్లు ఎక్కువే పట్టేవి.

బీట్‌రూట్‌లో ఉండే నైట్రేట్ వల్ల ఆయాసం తగ్గుతుందని క్లబ్బులో ఎవరో చెప్పారు. ఆ వారం నుంచే పందానికి రెండున్నర గంటల ముందు చిక్కటి రసం చిన్న సీసాడు తాగడం మొదలుపెట్టాడు. మొదటిరోజు మూత్రం ఎర్రగా రావడం చూసి హడలిపోయాడు గానీ, సంగతి తెలిశాక తనే నవ్వుకున్నాడు.

నవ్వనిది భార్య లోర్నా.

"ఏంటా నోరు? ఎవర్నో కొరుక్కు తిన్నట్టుంది. పైగా మట్టి వాసనొకటి! నా దగ్గరికొచ్చేముందు కడుక్కుని రా."

మెర్విన్ బుద్ధిగా వెళ్లి, నోరు శుభ్రం చేసే పచ్చమందు పోసుకుని పుక్కిలించేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

నాలుగు వారాలు గడిచాయి. సమయం మాత్రం అంగుళం కదల్లేదు.

"డబ్బులు దండగ, రుచీ దండగ," అన్నాడు ఆ గురువారం, గడియారం పట్టుకుని అందరి సమయాలూ లెక్కపెట్టే గ్వెండాతో. ఆమె ముప్పై ఏళ్లు పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా చేసి రిటైరైంది. అతను నోరు తెరవగానే పుదీనా వాసన గుప్పుమంది.

"రసం తాగాక పుక్కిలిస్తున్నావా మెర్విన్?"

"మరి? ఇంట్లో ఉండనివ్వాలి కదా!"

గ్వెండా పడీపడీ నవ్వింది. "ఓరి నీ శుభ్రత తగలెయ్యా! ఆ నైట్రేట్‌ని పనికొచ్చేలా మార్చేది నీ నాలుక మీది సూక్ష్మజీవులయ్యా. అప్పుడే రక్తనాళాలు వదులవుతాయి. నువ్వేమో వాటిని వారంవారం ఊడ్చి పారేస్తున్నావు!"

ఇంటికెళ్లి చెబితే లోర్నా కాసేపు నమ్మలేదు. తరవాత ఆ మందు సీసా తీసి అలమార పై అరలోకి నెట్టేసింది. "సరే, వేసవి అయ్యేదాకా భరిస్తాలే. నువ్వు మాత్రం కిటికీ వైపు తిరిగి మాట్లాడు."

ఆ తరవాతి గురువారం లోర్నా కూడా వచ్చి దారి పక్కన మడత కుర్చీ వేసుకుంది. చివరి ఎత్తు దగ్గర ఎప్పుడూ సీసంలా బరువెక్కే కాళ్లు ఆరోజు మెర్విన్ మాట విన్నాయి. గీత దాటి సైకిల్ మీద వాలిపోయాడు.

"ఇరవై ఆరు, యాభై మూడు!" అరిచింది గ్వెండా.

"వెనకనుంచి గాలి కూడా తోసిందిలే," అంది లోర్నా. అంటూనే లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

"తోయనీ," అన్నాడు మెర్విన్ రొప్పుతూ. "వద్దన్నానా?"

ముగ్గురూ క్లబ్బు షెడ్డులోకి టీకి నడిచారు. మెర్విన్ రెండు కేకుముక్కలు తిన్నాడు.