చింతమొద్దు కషాయం

తిరుపాల్ హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి పోయే ప్రైవేటు బస్సులో కండక్టరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే గుంతలు, అవే మనుషులు, చిల్లర దగ్గర అవే తగాదాలు. అరిచి అరిచి గొంతు పోయిన మనిషికి ఇంట్లో నోరు లేని ప్రాణి ఏదైనా ఉంటే బాగుండుననిపించడం తప్పా? రెండువేల నాలుగో సంవత్సరంలో ఒక చేపల తొట్టి కొని నట్టింట్లో పెట్టుకున్నాడు. మొదటి విడత చేపలు బొరుగులు తిని పోయాయి. పాపం, ప్రేమతోనే వేశాడు. రెండో విడతవి, తొట్టిని సబ్బు పెట్టి తళతళలాడేట్టు తోమినందుకు పోయాయి. మూడో విడత వచ్చిన రోజే అతని భార్య యశోద కొంగు నడుముకు చెక్కి తీర్పు చెప్పేసింది.

"ఇంగొక్క చేప సచ్చిందంటే సూడు, ఈ తొట్టి మా అమ్మకిచ్చి ఊరికి పంపిస్తా. ఇత్తనం శెనక్కాయలు పోసుకుంటాది."

అది ఉత్త బెదిరింపు కాదు. ఆమె తల్లి సుంకమ్మ అప్పటికే ఇంట్లో ఉంది. గొర్రెల వెంట తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగిపోతే, డాక్టరుకు చూపించుకుందామని ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఆదివారం తిరుగు ప్రయాణం. తొట్టికి కూడా బస్సు సిద్ధంగా ఉన్నట్టే.

ఈ మూడో విడతలో ఒక నల్ల చేప, నాలుగు చిన్న బంగారు చేపలు. నల్లది శుద్ధ రౌడీ. పని లేకపోతే చిన్నవాటి వెంటపడేది. అన్నిట్లోకీ చిన్నదాని తోక సగం కొరికేసింది. నల్లదాన్ని తీసి బకెట్లో వేస్తే, ఎగిరి బయటపడి మంచం కిందికి దూరింది. తిరుపాల్ బోర్లా పడుకుని దాన్ని పట్టి, తిట్టుకుంటూ మళ్ళీ తొట్టిలోనే వేశాడు. ఆ తర్వాత ఒక్క పరుగున బజారులో చేపలమ్మే సాల్మన్ అంగడికి పోయాడు.

"దాక్కోను సందే లేకపోతే చిన్నవి యాడికి పోతాయన్నా?" అన్నాడు సాల్మన్. "ఏట్లోనో వంకలోనో కొట్టుకొచ్చిన మొద్దు ఒకటి సూడు. బొక్కలు, వంకర్లు ఉండాల. ఊరికే తెచ్చి పడేయొద్దు, బాగా ఉడకబెట్టు. నీళ్ళు టీ రంగుకు దిగుతాయి. పారబోసి మళ్ళీ ఉడకబెట్టు. ఆ రంగు పోవాల, మొద్దు మునగాల. అప్పుడు పెట్టు."

"ఎన్ని దినాలప్పా?"

"మూడో నాలుగో. అది నీ మొద్దును బట్టి ఉండాది."

మరుసటి రోజు పెనుకొండ దాటగానే బస్సు టైరు పంక్చరయింది. డ్రైవరు దేవసహాయం స్టెప్నీ మారుస్తూ ఉంటే తిరుపాల్ పక్కనున్న వంకలోకి దిగాడు. చుక్క నీళ్ళు లేని వంక. ఎప్పటి వానకో కొట్టుకొచ్చిన వేరుమొద్దు ఒకటి ఇసుకలో పడి ఉంది. ఎండకు ఎండి తెల్లబడింది. నడుమ రెండు వేళ్ళు దూరేంత తొర్ర. తిరుపాల్ దాన్ని ఎత్తుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు బస్సెక్కించాడు.

"ఏమప్పా, మా బుట్టకైతే లగేజీ కొడతావు. దానికి కొట్టినావా?" అని ముందు సీట్లో ముసలామె గట్టిగా అడిగింది. బస్సంతా నవ్వింది. వెనక సీటు పెద్దాయన గోటితో గీకి చూసి, "చింతమొద్దు. రాయి మాదిరి ఉంటాది," అని తేల్చాడు. దేవసహాయం చేతులు తుడుచుకుంటూ, "ఇంట్లో పొయ్యి ఎలిగేది కూడా కష్టమైందా తిరుపాలూ?" అన్నాడు. తిరుపాల్ విజిల్ ఊదాడు.

బుధవారం సెలవు పెట్టి పెరట్లో స్నానాల నీళ్ళు కాచే అండాలో మొద్దును దించి, కింద మంట పెట్టాడు. యశోద బయటికొచ్చి చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"కట్టెను ఉడకబెట్టను కట్టెలు కాలుస్తారా? పక్కింటి ఈరక్కకు తెలిస్తే నేను బోరింగు కాడ తలెత్తుకోగలనా?"

"చేపల కోసం యశోదా."

"వండి పెట్టు, తింటాయి!"

సాయంత్రానికి నీళ్ళు చిక్కటి డికాషన్ లాగా దిగాయి. రోజురోజుకూ రంగు ఎంత తగ్గుతుందో పోల్చి చూసుకోవడానికి తిరుపాల్ ఒక గాజు గ్లాసులో ఆ నీళ్ళు పట్టి పిట్టగోడ మీద పెట్టాడు. మిగతాది పారబోసి, కొత్త నీళ్ళు మోసుకొచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది. గోడ పక్కన బండ మీద సుంకమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటోంది.

ఆ నీళ్ళు అత్త తాగేసిందా? కానీ అత్తను అడగడమెట్లా? సుంకమ్మ పాతకాలపు మనిషి. ఆమె వైపువాళ్ళలో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. అల్లుడు ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తిరుగుతుంది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కూతురికి చెబుతుంది. కూతురు లేకపోతే తులసికోటకు చెబుతుంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో తిరుపాల్ ఆమె గొంతు గోడల మీదుగా వినడమే తప్ప, తన ముఖం మీద ఒక్క మాట పడి ఎరుగడు. అతనికీ అది హాయిగానే ఉండేది. బస్సులో ఉన్న మాటలు చాలు అనుకునేవాడు.

చింతమొద్దే కాబట్టి ప్రాణభయం లేదని మనసుకు చెప్పుకుని పడుకున్నాడు. పొద్దున్నే సుంకమ్మ తులసికోట దగ్గర నిలబడి, ఇంట్లోకి వినపడేట్టు అంది:

"అల్లుడు కాచిన కషాయం బాగా పని చేసిందమ్మా. రాత్రి మోకాళ్ళు గుంజలేదు. వగరు రవ్వంత ఎక్కువ, అంతే."

తిరుపాల్ అది మందు కాదని చెప్పబోతే యశోద అతని రెక్క పట్టి వంటింట్లోకి లాక్కుపోయింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"పదకొండేండ్లకు మా అమ్మ నిన్ను మెచ్చుకుండాది. తన కోసం దినమంతా పొయ్యి కాడ కూర్చున్నావని పొంగిపోతాండాది. అది చేపలకని చెప్పినావో, చేప సచ్చేదాకా కూడా ఆగను, ఈ దినమే తొట్టి బయటేస్తా."

ఏం చేస్తాడు మానవుడు? గురువారం డ్యూటీకి పోయే ముందు రెండో వాయి నీళ్ళు గ్లాసులో పట్టి తనే తీసుకెళ్ళి బండ మీద పెట్టాడు. భయంతో పక్కనే కూర్చున్నాడు. కడుపులో తిప్పుతుందేమో, కళ్ళు తిరుగుతాయేమో అని ఆమె ముఖమే చూస్తూ, "ఎట్లుండాది అత్తా?" అని అడిగాడు.

సుంకమ్మ గ్లాసు దించి, తులసికోట వైపు తిరిగింది. "నిన్నటంత పస లేదు," అంది.

ఇక్కడ మొదలైంది అసలు బాధ. నీళ్ళ రంగు తగ్గిన కొద్దీ తిరుపాల్‌కు సంతోషం, సుంకమ్మకు అసంతృప్తి. శుక్రవారం నీళ్ళు గడ్డి రంగుకు వచ్చాయి. మొద్దు అండా అడుగుకు పోయి కదలకుండా కూర్చుంది. చేపల లెక్కలో ఆ మొద్దు పరీక్ష పాసైనట్టే. అత్త లెక్కలో ఫెయిలు. "ఉత్త నీళ్ళు," అని తులసికోటకు ఫిర్యాదు వెళ్ళింది. తిరుపాల్ శొంఠి, ధనియాలు, మిరియాలు దంచి వేరే గిన్నెలో కాచి తెచ్చాడు. పక్కన కూర్చుని మళ్ళీ, "ఎట్లుండాది అత్తా?" అన్నాడు. అరగంట ఆలోచించినట్టు చేసి, "ఇది మొద్దుది కాదు. మొద్దునే ఉడకబెట్టమను," అంది తులసికోటతో.

దాంతో మొద్దు అండాలోనే ఉండిపోయింది. అండాకు ఎదురుగా బండ, బండ మీద సుంకమ్మ. తొట్టిలో నల్లది మాత్రం సెలవు తీసుకోలేదు. శనివారానికి తోక తెగిన చేప ఈదడం మానేసి ఒక మూల నక్కింది. తిరుపాల్ అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే గానీ తినలేదు. ఆదివారం తొమ్మిదికి అత్త బస్సు. ఆమె గడప దాటగానే మొద్దు పెట్టేస్తే ఎవరి మనసూ నొప్పించినట్టు కాదు, ఒక్క రోజు ఓర్చుకోవే తల్లీ అని ఆ చేపకు దండం పెట్టుకున్నాడు.

ఆదివారం తెల్లవారగానే తొట్టిలో చూస్తే చిన్నది పక్కకు ఒరిగి ఉంది. నోరు మాత్రం కొద్దికొద్దిగా ఆడుతోంది. ఇంక తొమ్మిది దాకా ఆగేదెట్లా? అత్త ఏమనుకున్నా సరే, యశోద ఏం విసిరేసినా సరే అనుకుని పెరట్లోకి ఉరికాడు. బండ ఖాళీగా ఉంది. చల్లారిన అండాలో చేయి పెట్టి మొద్దును లాగి, నీళ్ళు కారుతుండగా గుండెలకు హత్తుకుని నట్టింట్లోకి వచ్చి ఆగిపోయాడు.

తొట్టి ముందు పీట వేసుకుని సుంకమ్మ కూర్చుని ఉంది. తల తిప్పి అతన్ని చూసింది. కొంగు సర్దుకోలేదు. పక్కకు తిరగలేదు.

"యాడ నిలబడితివప్పా? దబ్బున పెట్టు. ఆ తోక తెగింది ఇంగ తట్టుకోలేదు."

తిరుపాల్ చుట్టూ చూశాడు. యశోద ఇంకా లేవలేదు. నట్టింట్లో తులసికోట లేదు. ఆ మాట తనతోనే.

మొద్దును తొట్టిలోకి దించాడు. అది బుడగలు వదులుతూ అడుగుకు చేరింది. ఉలిక్కిపడ్డ చిన్న చేప తోకముక్కను ఆడించి, పోయి ఆ తొర్రలో దూరింది. నల్లది వెంటపడి, ముక్కు మొద్దుకు కొట్టుకుని వెనక్కి తగ్గింది. తిరుపాల్‌కు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే సిగ్గు వచ్చింది.

"అత్తా, అది నీ కషాయం కోసం కాదు. మొదట్నుంచి ఈ చేపలకే..."

"తెలుసులేప్పా. నలభై ఏండ్లు గొర్రెలెంబడి వంకల్లో తిరిగినదాన్ని, చింతమొద్దు నాకు తెలీదా? మోకాళ్ళకు చింతమొద్దు ఎవురన్నా తాగుతారా?"

"మరి మోకాళ్ళు గుంజలేదంటివే?"

"డాక్టరు మాత్రలిచ్చినాడు కదా."

తిరుపాల్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరా వగరు నీళ్ళు ఎందుకు తాగితివత్తా?"

సుంకమ్మ తొట్టి వైపే చూస్తూ చెప్పింది. "మొదటి దినం టీ అనుకుని తాగినా. అల్లునికి సంతోషమైతాదిలే అని ఒక మంచి మాట అంటి. రెండో దినం నువ్వు గ్లాసు తెచ్చి, పక్కన కూర్చోని 'ఎట్లుండాది అత్తా' అంటివి. పదకొండేండ్లలో నువ్వు నన్నా మాట అడిగింది అదే మొదలు. ఉడికేది నిలిస్తే అడిగేదీ నిలుస్తాది కదప్పా."

తిరుపాల్ రోజుకు మూడు వందల మందిని యాడికి, యాడికి అని అడిగే మనిషి. ఇంటికొచ్చిన ఈ మనిషిని ఒక్క మాట అడగడానికి చింతమొద్దు ఉడకాల్సి వచ్చింది. తన మీద తనకే కోపం వచ్చింది. నిద్ర కళ్ళతో వచ్చిన యశోద, తల్లీ మొగుడూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే గడప దగ్గరే నిలబడిపోయింది. సుంకమ్మ కూతురితో, "తొట్టి ఈడనే ఉండనీ. ఇత్తనం శెనక్కాయలకు నాకు గోనెసంచి చాలు," అంది.

తొమ్మిది గంటల బస్సు తిరుపాల్ బస్సే. ధర్మవరంలో దిగి ముదిగుబ్బ బస్సు ఎక్కాలి సుంకమ్మ. తిరుపాల్ ముందు నుంచి వెనక దాకా టికెట్లు కొట్టుకుంటూ వచ్చి ఆమె సీటు దగ్గర ఆగాడు. బస్సు నిండా జనం.

"ఎట్లుండాది అత్తా?"

సుంకమ్మ అతని ముఖంలోకి చూసి, బస్సంతా వినపడేట్టు చెప్పింది. "నొస్తాండాయప్పా, శానా నొస్తాండాయి. కూర్చో, చెప్తా."

పక్కకు జరిగి చోటిచ్చింది. తిరుపాల్ కూర్చున్నాడు. పెనుకొండలో దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. బస్సు మాత్రం కదల్లేదు. దేవసహాయం హారన్ మీద హారన్ కొట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"తిరుపాలూ! రైట్ చెప్పేదెవురప్పా?"

"ఉండబ్బా," అన్నాడు తిరుపాల్, "ఇంగా ఎడమ మోకాలి కాడనే ఉండాం."