ఎండుద్రాక్ష, నారింజ తొక్క, పాత చెక్క

నేను ఒక స్కాచ్ విస్కీ సీసాను. ఇప్పుడు నాలో ఉన్నవి నీళ్లూ, ఒక మనీప్లాంటు కొమ్మా. జాలిపడకండి, జాలి చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాలో పోసిన విస్కీ ఏళ్ల తరబడి ఓక్ చెక్క పీపాలో నిద్రపోయింది. ఆ పీపాలో అంతకుముందు షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా ఉండేది. దాని రంగునీ తీపినీ చెక్క తాగి, మెల్లగా విస్కీకి ఇచ్చింది. ఇంత ఓపికగా తయారైన సరుకు చివరికి గుంటూరులో గోవర్ధన్ చేతిలో పడింది. మిర్చి కోల్డ్ స్టోరేజీల యజమాని. ఏదైనా గడగడా తాగేసే ఆ మనిషికి రుచి చూడటం నేర్పింది శ్రీపతిగారు.

శ్రీపతిగారు హైదరాబాదులో ఒక పెద్ద హోటల్ బారు చూసుకుని రిటైరయ్యారు. భార్య పోయింది, ఒక్కరే ఉంటారు. ఆదివారం మధ్యాహ్నాలు గోవర్ధన్ ఇంట్లో ఒక డాక్టరు, ఒక లాయరు, ఇలా స్నేహితులు చేరేవారు. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, రెండు చుక్కల నీళ్లు కలిపితే, ఏమంటారా అని అందరూ ఆగేవారు. ఆయనకు మిగిలిన గౌరవమంతా అదే. గోవర్ధన్‌కు కంటగింపూ అదే. ఇల్లు తనది, మందు తనది, పెత్తనం మాత్రం ఈయనదా?

ఈ మధ్య ఒక జ్వరం వచ్చి పోతూ పోతూ శ్రీపతిగారి ముక్కును పట్టుకుపోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. వంటింట్లో పకోడీలు మాడుతున్న సంగతి అందరికీ తెలిసి ఆయనకొక్కరికే తెలియకపోవడం గోవర్ధన్ కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకుంటే మనిషే అయ్యేవాడు.

తర్వాతి ఆదివారం పొద్దున నాలోని విస్కీని వంటింట్లోని ఖాళీ జాడీలోకి వంచి, నాలో చవక బ్రాందీ నింపాడు. మధ్యాహ్నం నన్ను భక్తిగా పట్టుకొచ్చి అందరికీ పోశాడు. శ్రీపతిగారు కళ్లు మూసుకున్నారు. చెప్పకండి అని అరవాలనిపించింది. సీసాకు మూతి ఉంది గానీ మాట లేదు.

“ఎండుద్రాక్ష. నారింజ తొక్క. చివర్లో పాత చెక్క,” అన్నారాయన.

అదే బ్రాందీ తాగుతున్న డాక్టరు అవునవునన్నాడు. లాయరు చెక్క తన నాలుక్కీ తగిలిందన్నాడు. అప్పుడు గోవర్ధన్ అసలు సంగతి చెప్పి పగలబడి నవ్వాడు. అవునన్న ఇద్దరూ ఇంకా గట్టిగా నవ్వారు. వాళ్లకు ముందే అనుమానం వచ్చిందట.

శ్రీపతిగారు గ్లాసు కింద పెట్టారు.

గోవర్ధన్ అంతటితో వదల్లేదు. జాడీ తెప్పించి అసలు సరుకు పోయించాడు. ఆ జాడీలో మొన్నటిదాకా మాగాయ పచ్చడి ఉండేది. ఎంత తోమితే మాత్రం ఇంగువ వదులుతుందా? గదంతా గుప్పుమంది. అన్నేళ్ల షెర్రీ పీపా వాసన ఒక్క పూటలో పచ్చడి పాలైంది. డాక్టరు లాయరు వంక చూశాడు. లాయరు గ్లాసు వంక చూశాడు.

“ఇప్పుడు చెప్పండి గురువుగారూ,” అన్నాడు గోవర్ధన్.

“నాకు వాసన తెలీదయ్యా. జ్వరం వచ్చినప్పట్నుంచీ అంతే. మీకు తెలుస్తోందిగా, మీరే చెప్పండి.”

డాక్టరు ఇంటాయన మొహం చూసి, “ఎండుద్రాక్ష,” అన్నాడు. “నారింజ తొక్క కూడా,” అన్నాడు లాయరు. గోవర్ధన్ ఒక గుక్క తాగి, మింగలేక మింగి, “పాత చెక్క,” అన్నాడు.

శ్రీపతిగారు తల ఊపి లేచారు. తనకు దూరమైంది వాళ్లకు నిజంగానే అందుతోందనుకున్నారు. గేటు దగ్గర ఆగి కళ్లు తుడుచుకోవడం నేను కిటికీలోంచి చూశాను.

మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ గదిలో ఇంగువ సంగతి తెలియనిది ఆయనకొక్కరికే.