ఏడో బుట్టకి అరిగిన డిస్కు

నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా తప్పుతాయి. మీరు ఒక పేజీ చదివేలోపు నేను రెండు ముక్కలు కూడా రాయలేను. ఆలస్యానికీ తప్పులకీ మన్నించి చదవండి.

కండక్టరమ్మ బస్సు దిగి నాలుగేళ్ళయింది గాని, ఆమె చూపు ఇంకా దిగలేదు. ముప్పై ఏళ్ళపాటు టిక్కెట్టు కొనని వాళ్ళని మొహం చూసి పట్టుకున్న మనిషి. ఎవరైనా అవసరానికి మించి నవ్వితే చాలు, వీళ్ళు ఏ స్టాపులో ఎక్కారా అని లోపల లెక్క మొదలవుతుంది.

ఉద్యోగం అయిపోయాక ఆమెకి డిస్కు ఆట పిచ్చి పట్టింది. మైదానంలో దూరం దూరంగా గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు నిలబెట్టి ఉంటాయి. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కుని విసురుతూ పోయి బుట్టలో వెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్ళు గెలిచినట్టు. దూరం పోవడానికి వాడే పదునైన అంచు డిస్కుని డ్రైవరు అంటారు. కండక్టరమ్మకి ఎర్ర డ్రైవరు ఒకటుంది. మామూలు ప్లాస్టిక్‌ది. నాలుగేళ్ళుగా చెట్లకీ గోడలకీ తగిలి తగిలి దాని అంచు ఎలక కొరికిన అట్టలా తయారైంది.

ఆ కొరుకుడే దాని విలువ. కొత్త డిస్కు కుడిచేతివాటం వాళ్ళు విసిరితే తిన్నగా పోయి చివర్లో ఎడమకి వాలుతుంది. గట్టి ఖరీదు ప్లాస్టిక్ అయితే ఏళ్ళు గడిచినా ఆ మొండితనం వదలదు. మామూలు ప్లాస్టిక్ తొందరగా అరుగుతుంది. అంచు అరిగిన కొద్దీ ఎడమ పట్టు వదిలి, ముందు తిన్నగా పోవడం నేర్చుకుంటుంది, ఆ తర్వాత కుడికి తిరగడం. ఏడో బుట్ట పంపుహౌసు గోడ వెనక, కుడి పక్కన ఉంది. కండక్టరమ్మ ఎర్ర డిస్కు గోడ మూల దాకా పోయి, వీధి మలుపు తెలిసిన మనిషిలా కుడికి తిరిగేది.

ఆ ఏడాది మైదానం తరఫున ఆడే జట్టులో ఒక్క చోటు మిగిలింది. దానికి ఇద్దరు పోటీ. ఒకరు కండక్టరమ్మ. రెండోవారు ఆమె వియ్యపురాలు, అంటే కోడలి తల్లి. ఆసుపత్రిలో పనిచేసి మానేసింది కాబట్టి అందరికీ నర్సమ్మ. జట్టు చూసుకునే డ్రిల్లు మాస్టారు తగువు తేల్చేశాడు. "ఆదివారం పొద్దున్న ఏడో బుట్టకి చెరో విసురు. ఎవరిది దగ్గర పడితే వాళ్ళది చోటు."

కండక్టరమ్మకి వచ్చే నెలలో మోకాలి ఆపరేషను. ఆ తర్వాత విసుర్ల మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. జట్టులో ఆడితే ఇప్పుడు ఆడాలి, లేకపోతే లేదు.

గురువారం పొద్దున్న ఆమె ఏడో బుట్టకి మూడు సార్లు విసిరింది. మూడు సార్లూ ఎర్ర డిస్కు ఎడమకి పోయి రోడ్డు కంచెకి తగిలింది. గాలేమో అనుకుంది. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి మాత్రం కదలడం లేదు.

ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని డిస్కుని వేలితో చదివింది. మీద అచ్చేసిన పేరు అదే, నంబరు అదే, ఎరుపూ అదే. పైనా కిందా ఎటు చూసినా గీతలే. అంచు మీదకి వచ్చేసరికి బొటనవేలు జారిపోయింది. చెట్టుకి తగిలిన డిస్కుకి దెబ్బ అంచు మీద ఉండాలి. దీనికి వీపంతా దెబ్బలే, అంచు మాత్రం పెళ్ళికూతురిలా నున్నగా ఉంది.

ఇది అరిగింది కాదు, అరగదీసింది.

ఎవరో మార్చారు. మంగళవారం నర్సమ్మ ఇంటికి వచ్చింది. వరండాలో, సరిగ్గా డిస్కుల సంచి పక్క కుర్చీలో కూర్చుంది. అవసరానికి మించి నవ్వింది కూడా.

కండక్టరమ్మ వంటగది గుమ్మంలో నిలబడింది. "అమ్మాయ్, మంగళవారం మీ అమ్మ ఎంతసేపు కూర్చుంది?"

"టీ తాగినంతసేపు, అత్తయ్యా. ఏం?"

"వరండాలో ఒక్కతే కూర్చుందా?"

"గోడ కూడా ఉంది" అంది కోడలు, ఇటు తిరగకుండానే.

గరిటె మాత్రం ఒక్క క్షణం ఆగింది. కండక్టరమ్మ కంట్లో అది పడనే పడింది. తల్లిని వెనకేసుకొస్తోంది అనుకుంది.

నోరు జారితే వియ్యాలవారి మధ్య అగ్గి రాజుకుంటుంది. అందుకని శుక్రవారం మైదానంలో ఉపాయంగా వెళ్ళింది. బెంచీ మీద కూర్చున్న నర్సమ్మ చేతికి డిస్కు ఇచ్చి, మొహంలోకి చూస్తూ, "ఎందుకో చెయ్యి కుదరడం లేదు వదినా, నువ్వోసారి చూడు" అంది.

నర్సమ్మ డిస్కుని రెండు చేతులా వంచబోయింది. అది వంగలేదు. కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఇదెక్కడిది? నీ పాతది చెవితమ్మెలా వంగేది. ఇది గట్టి ప్లాస్టిక్. గుట్టుగా ఖరీదు రకానికి మారి, పాతదిలా కనబడాలని గీతలు కూడా పెట్టావా? ఎవర్ని ఏమార్చడానికి వదినా?"

"నేనా ఏమార్చేది? మంగళవారం నా సంచి పక్కన కూర్చున్నదెవరు?"

"సంచి పక్కన కూర్చుంటే దొంగనా? అలాగైతే నీ బస్సులో ఎక్కినవాళ్ళంతా దొంగలే."

"సగం మంది దొంగలే" అంది కండక్టరమ్మ.

ఇద్దరూ బెంచీకి చెరో చివర నుంచి లేచి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

సాయంత్రం కోడలే వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. తల్లి ఫోన్లో కడిగేసినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మ కాదు అత్తయ్యా, నేనే. సోమవారం సంచి దులుపుతుంటే అది అంచంతా చిరిగిపోయి కనబడింది. ఇంత పోటీకి ఇదా అనిపించింది. మీకు తెలియకుండా కొత్తది పెడదామని, దుకాణంలో అదే పేరూ అదే నంబరూ చెప్పి, ఉన్నవాటిలో మంచి ప్లాస్టిక్ ఇమ్మన్నాను. పాతది చెత్తలో వేశాను. మర్నాడు మీరు ఎవరితోనో అంటున్నారు, ఆ అరుగుదల నాలుగేళ్ళ కష్టం, కొందామంటే దొరకదు అని. నాకు భయమేసింది. మేడ మీద గచ్చుకేసి రుద్దాను."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

"మరి అంచు రుద్దలేదేం?"

"అంచు పాడైతే సరిగ్గా ఎగరదేమోనని."

కండక్టరమ్మకి కోపం రావలసిన చోట నవ్వొచ్చింది, నవ్వలేక దగ్గింది. "చెత్తబండి ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం పొద్దున్నే, మీ మాట నా చెవిన పడకముందే."

"సరేలే. వెళ్ళి అన్నం తిను."

అక్కడితో అనుమానం చావాలి. చావలేదు. పడుకున్నాక మళ్ళీ లేచి కూర్చుంది. ఈ పిల్లకి డిస్కుల పేర్లూ నంబర్లూ ఎవరు చెప్పారు? మంచి ప్లాస్టిక్ కొనిపెట్టవే అని ఎవరైనా చెవిలో ఊదారా? పోటీ ఉన్న వారమే ఈ పిల్లకి సంచి దులపాలని ఎందుకు పుట్టింది?

శనివారమంతా కొత్త డిస్కుతో కుస్తీ పట్టింది. బయటి అంచు పైకెత్తి విసిరితే కుడికి వెళుతుంది గాని, గోడ దాటే లోపే మనసు మార్చుకుని ఎడమకి వచ్చేస్తుంది. దాన్ని దారికి తేవాలంటే నెలలు కావాలి. ఆమెకి ఉన్నది ఒక్క రాత్రి.

ఆదివారం ముందు నర్సమ్మ విసిరింది. ఆమెది నీలం డ్రైవరు, మామూలు ప్లాస్టిక్‌దే, బాగా అరిగింది. సూది గుచ్చేటప్పుడు ఎంత నెమ్మదిగా గుచ్చేదో అంత నెమ్మదిగా వదిలింది. అది గోడ మూల దాటాక కుడికి ఒరిగి, బుట్టకి పది అడుగుల దూరంలో పడింది. మాస్టారు అక్కడ పుల్ల గుచ్చాడు.

నర్సమ్మ నడిచి వెళ్ళి, డిస్కు తెచ్చి, కండక్టరమ్మ ముందు పెట్టింది.

"మా అమ్మాయి పుణ్యమా అని నీది చెత్తబండి ఎక్కింది. దీంతో వెయ్యి. నెమ్మదిగా వెయ్యి వదినా, ఇది నీ దానికన్నా అరిగింది."

కండక్టరమ్మ డిస్కు తిప్పి చూసింది. అంచు మీద దెబ్బలు నిజమైనవే. కుడికి తిరగడం కళ్ళారా చూసింది. కాబట్టి డిస్కులో మోసం లేదు. మరి పోటీలో ఉన్న మనిషి తన డిస్కు తనే ఎందుకిస్తుంది? నెమ్మదిగా వెయ్యమని మరీ ఎందుకు చెబుతుంది? నెమ్మదిగా వేస్తే గోడకి ఇవతలే పడుతుంది. మోసం ఉన్నది మాటలో. డిస్కు తీసుకోవాలి, మాట వదిలెయ్యాలి.

భుజం నిండా బలం పెట్టి విసిరింది.

నీలం డిస్కు సగం దూరం కూడా పోకముందే కుడికి ఒరిగింది, ఇంకా ఒరిగింది, నిలువునా తిరగబడి అంచు మీద నేలకి దిగింది. బండి చక్రంలా పచ్చిక మీద దొర్లుకుంటూ పోయి, మైదానం చివరనున్న కాలవలో పడింది. అరిగిన డిస్కు చేతి బలం పెరిగిన కొద్దీ ఇంకా కుడికి తిరగబడుతుంది. ఆమెకి తెలియని సంగతి కాదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆమే చెప్పేది.

మాస్టారు గొంతు సవరించుకుని పుస్తకంలో నర్సమ్మ పేరు రాసుకున్నాడు.

"నెమ్మదిగా అన్నాను కదా వదినా" అంది నర్సమ్మ.

"అన్నావు. అందుకే గట్టిగా వేశాను."

నర్సమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం చిట్లించింది. కాలవ వైపు చూసింది. వచ్చే ఆదివారమే జట్టు ఆట, అందులోనూ ఏడో బుట్ట ఉంది. అలా అరిగిన డిస్కు ఆమెకీ అదొక్కటే.

"నిజం చెప్పు. నీకెలాగూ చోటు రాదని కావాలనే నీళ్ళలో వేశావా?"

కండక్టరమ్మ ఒక మాట మొదలెట్టి వదిలేసి, ఇంకోటి వెతుక్కుంది. ఏ మాట చెప్పినా దొంగ మాటలాగే వినబడుతుందని తోచింది. ఇంతకాలం ఎదుటివాళ్ళు తన ముందు ఎందుకలా నీళ్ళు నమిలేవారో ఇప్పుడు తెలిసింది.

"కావాలని వెయ్యగలిగితే బుట్టలోనే వేసేదాన్ని కదా వదినా" అంది చివరికి.

నర్సమ్మ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అదీ నిజమే" అంది. పూర్తిగా నమ్మలేదు. అయినా చెప్పులు విప్పింది. కండక్టరమ్మ అప్పటికే మోకాలు పట్టుకుని గట్టు దిగుతోంది. కాలవ లోతు లేదు, బురద మాత్రం ఉంది. మాస్టారు గట్టు మీద నిలబడి అటు అంటూ ఇటు అంటూ చూపిస్తుంటే, వియ్యపురాళ్ళిద్దరూ పక్కపక్కనే, ఒకరి కాళ్ళు ఒకరు గమనించుకుంటూ, పాదాలతో బురద అడుగున డిస్కు కోసం తడుముతూ నడిచారు.

రాసినది: అందరూ పెద్దమ్మ అంటారు. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి ఇంట్లో, మెట్ల కింది గదిలో.