జీపు ముందు సీటు

అంగట్లో బెల్లం చుట్టి ఇచ్చిన పేపరు విప్పి చదువుతుంటే మణెమ్మకు తమ పాలెం పేరు కనబడింది. ఇకమీదట ఓట్లకు పాలెం ఆళ్లగడ్డ కింద కాదట, నంద్యాల కిందట. పాటల పుస్తకం మీద వేలు పెట్టుకుని తనకు తానే అక్షరాలు కూడగట్టుకున్న మనిషి ఆమె. అచ్చులో పడిందేదీ ఒక్కసారి చదివి నమ్మదు. తమను ఒక్క మాట అడక్కుండా ఇటునుంచి అటు జరిపారంటే ఎవరికో లాభం ఉండాలని ఆమె అనుమానం.

డెబ్బై ఎనిమిది ఎన్నికలకు ఆ అనుమానం జీపెక్కి వచ్చింది. ఇన్నేళ్లలో పాలెం మొహం చూడని నంద్యాల నూనెమిల్లు మాధవయ్య ఓట్లకు నిలబడి, జీపుకు జెండా కట్టుకుని ప్రార్థన మందిరం ముందు దిగాడు. బావి తవ్విస్తానన్నాడు. మణెమ్మ కొడుకు ఇమ్మానుయేలు గురించి ముందే ఆరా తీసినట్టున్నాడు. ఇమ్మానుయేలు ఆళ్లగడ్డలో కుట్టుమిషను పెట్టుకున్నవాడు, మాటకారి. వాడి మెడలో దండ వేసి, పక్క ఊళ్లు తిరిగొద్దామని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

మణెమ్మకు భయమేసింది. ఈ సీమలో ముందు సీట్లో కూర్చున్నవాడు ఎవరి మనిషో, ఎవరికి పగవాడో వేరే చెప్పనక్కర్లేదు. ఓట్లయ్యాక జీపు వెళ్లిపోతుంది, మనిషి మిగులుతాడు. ఆమె భర్త అబ్రహాము వెనకటి ఎన్నికల్లో అట్లాగే ఒకాయన జీపెక్కాడు. ఆయన ఓడాక ఊళ్లో కూలికి పిలిచేవాడు లేక సున్నిపెంటకు డ్యాము పనికి పోయాడు. "వస్తాలే" అన్నాడు. రాలేదు.

ఆమె పోయి జీపు మీద చెయ్యి వేసింది.

"దిగు నాయనా."

"ఊరుకోమ్మా. అందరూ చూస్తాండారు."

"చూస్తాండారనే చెప్తాండా."

మాధవయ్య నవ్వాడు. "భయమేం లేదవ్వా. వానికి నేనుండా."

"మంచిదే అయ్యా. అట్లయితే పక్క ఊళ్లు రేపు తిరగండి. ఇప్పుడు ఈ జెండాతోనే ఆళ్లగడ్డకు పోయి, వాణ్ణి వాని అంగడి కాడ దింపు. వానెంబడి రోంతసేపు కూచోని రా."

డ్రైవరు గేరు మీది చెయ్యి తీశాడు. మాధవయ్య నవ్వు సగంలో ఆగింది.

"అది మన నియోజకవర్గం కాదు గదవ్వా. ఆడ మనకేం పని?"

"నీకు పని లేదు. వాని మిషను ఆడనే, నీకు గిట్టనోళ్ల నడుమనే ఉంది. గీత మీ ఓట్లకు గీసినారు గానీ మా కూటికి గీయలేదు."

ఇమ్మానుయేలు జవాబు కోసం మాధవయ్య మొహంలోకి చూశాడు. ఓట్లయినాక చూద్దాంలే అని ఆయన మెల్లగా అన్నాడు. వాడు దండ తీసి సీటు మీద పెట్టి దిగాడు. తల్లి వైపు చూడకుండా ఇంట్లోకి పోయాడు.

జీపు పోయింది. జనం ఎవరి దారిన వాళ్లు పోయారు. మణెమ్మ నిలబడి చూసింది. పక్కింటి కొండమ్మ మరిది సైకిలెక్కి ఆళ్లగడ్డ దారి పట్టాడు. కిరసనాయిలుకా, చాడీకా?

పొద్దున కొడుకుతోపాటు ఆమె కూడా బస్సెక్కింది.

"నీకేం పనిమ్మా?"

"రవిక గుడ్డ తెచ్చుకోవల్ల."

వాడు నమ్మలేదు, దిగమనీ అనలేదు. బస్సెక్కిన ప్రతి మనిషినీ ఆమె ఎగాదిగా చూసింది.

అంగడి తలుపు తీస్తుంటే పక్క కొట్టాయన తల ఎత్తకుండానే అడిగాడు. "నిన్న జీపెక్కినావంటనే అన్నా?"

"ఎక్కినా. దిగినా," అన్నాడు ఇమ్మానుయేలు.

ఆయన తన పనిలో పడ్డాడు. నమ్మాడో లేదో మణెమ్మకు అంతుబట్టలేదు. స్టూలు గడప దగ్గరికి లాక్కుని వీధికేసి తిరిగి కూర్చుంది. పొద్దుగూకే దాకా లేవలేదు.