సగం చుట్టు

"మందు కాదంటున్న గదా అత్తమ్మా! అతిమధురం. తాగితే గొంతు సన్నవడ్తదట," సౌమ్య మూడోసారి చెప్పింది.

"గొంతు కంటె ముందు పోరి సన్నవడ్డది. నాలుగు రోజుల సంది పొద్దుగాల్నే కక్కుకుంటున్నది. దొడ్డు గొంతుంటే రోగమా?" కోడలి చేతిలోని గ్లాసును సువార్త పక్కకు నెట్టింది.

"నేను రోగమన్ననా? మన చర్చి గుడి పండుగ పాటలల్ల దీన్ని ఎనుక వరసల నిలబెట్టిన్రు. పాడకు, ఊకె పెదవులాడియ్యి అన్నడట మాస్టరు. మీ మనవరాలే గదా, మీకు కోపం రాదా?"

"వస్తది. మాస్టరు మీద వస్తది. అందుకని దీని గొంతుల కషాయం పోస్తనా?"

పన్నెండేళ్ల దివ్య ఇద్దరి మధ్యా జడ కొస నములుతూ నిలబడింది. ఆ పిల్ల ఎటూ మాట్లాడదు. వారం రోజులుగా ఇంట్లో అసలు మాట్లాడటమే తగ్గించింది. స్నానాల గదిలో పాడటం కూడా మానేసింది.

వసారాలో దివ్య తాత సత్యానందం మైకు తీగ చుడుతున్నాడు. బొటనవేలి సందు నుంచి మోచేతికి, మోచేతి నుంచి మళ్లీ బొటనవేలికి. సూర్యాపేటలో మైకు సెట్టు పెట్టిన నాటి నుంచి ప్రతి ఉదయం ఇదే పని. చుట్టేటప్పుడు చేతికి తప్పు జరగదు. ఇవాళ మాత్రం రెండుసార్లు ముడిపడింది. విప్పాడు, మళ్లీ చుట్టాడు, మళ్లీ ముడిపడింది. అరవై నాలుగేళ్ల మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. సోల్డరింగ్ వేడికి కాలి వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. హారన్ల పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి మందగించింది. కుడి చెవి మాత్రం ఇంట్లో మాటలన్నీ వింటోంది.

"మాస్టరు ఫోన్ల ఎలీసమ్మ పాట పెట్టి చూపిచ్చిండట," సౌమ్య గొంతు తగ్గించింది. "అంత పెద్దామె గంత సన్నగ పాడింది, నీకేమైందే అన్నడట."

సత్యానందం చేతిలోని తీగచుట్ట జారి కింద పడింది.

"ఏమయ్యా, నువ్వన్న చెప్పు," అంది సువార్త.

"బస్సుకు టైమైతుంది," అని అతను లేచాడు. బుష్‌కోటు జేబులో టెస్టరు పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. బాగుచేసిన యాంప్లిఫయరును సంచిలో సర్దుకుని, టిఫిను కూడా తినకుండా గేటు దాటాడు.

కోదాడ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాడు. సంచిని ఒళ్లోంచి కిందికి, కిందినుంచి ఒళ్లోకి మారుస్తూనే ఉన్నాడు. పక్కనున్న ఆడమనిషి విసుక్కుని వేరే సీటుకు వెళ్లింది.

ఎలీసమ్మ చేసింది ఒక్కటే రికార్డు. టీచర్ ట్రెయినింగు బడిలో సంగీతం చెప్పిన మనిషి. క్రైస్తవ కీర్తనల్ని కచేరీ పద్ధతిలో, రాగం ఆలపించి పాడేది. మామూలుగా ఆడవాళ్లు పాడే శ్రుతికి ఎంతో కింద పాడేది. ఆ గొంతు నేల మీద నీళ్లు పారినట్టు మెల్లగా, బరువుగా, ఎక్కడా ఆగకుండా సాగేది. ఆమె దగ్గర చదువుకున్న జానమ్మ టీచరు నలభై ఏళ్ల కిందట ఆ రికార్డు తెచ్చి, "పది మందికి వినిపియ్యి సత్యానందం" అని అతని చేతిలో పెట్టింది.

వినిపించాడు. గుడి మీది హారన్లలో మొదటిసారి వేసిన రోజే కింద జనం నవ్వారు. "ఆడమనిషి పేరు చెప్పి మగోని పాట వేసినవేందిరా!" అన్నారు పెద్దలు. క్యాసెట్ల మీదికి ఎక్కించి పది అమ్మితే ఏడు వెనక్కి వచ్చాయి. పెళ్లయిన కొత్త, కొట్టు తెరిచిన కొత్త. ఆ సాయంత్రం క్యాసెట్లు ఎక్కించే డెక్కు వెనక చిన్న రంధ్రంలోకి టెస్టరు దూర్చి, మోటారు స్క్రూను సగం చుట్టు వదులు చేశాడు. అంతే. అలా నిదానంగా తిరిగే డెక్కులో ఎక్కించిన పాట, తర్వాత ఏ టేప్‌రికార్డరులో వేసినా కొంచెం పరుగెత్తేది, గొంతు సన్నగా, తియ్యగా వచ్చేది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లలోనూ ఎలీసమ్మ అంటే ఆ గొంతే అయిపోయింది. పెళ్లికి అదే, చావుకి అదే. తర్వాతెవరో ఆ క్యాసెట్టునే కంప్యూటర్లోకి ఎక్కించారు. ఫోన్లలోకీ అదే వచ్చింది.

ఒక్క జానమ్మ టీచరు మాత్రం కొట్టు మెట్లెక్కి వచ్చి, "ఏం చేసినవురా ఆమెను?" అని అడిగింది.

"ఇంకో విడతల సరిచేస్త టీచరమ్మా," అన్నాడు. ఆమె రికార్డు తీసుకుని వెళ్లిపోయింది. మిర్యాలగూడ వెళ్లి స్థిరపడ్డాక కూడా ప్రతి గుడి పండుగకీ ఫోను చేసేది. ఒక్కటే మాట. "సరిచేసినవా?" అతను ప్రతిసారీ వాతావరణం గురించి మాట్లాడేవాడు.

కోదాడలో ఫంక్షన్ హాలు మేనేజరు ధర్మా యాంప్లిఫయరు బిగించి చూస్తుండగా అతని ఫోను మోగింది. ఎలీసమ్మే, పరుగెత్తుతూ.

"బాగుంది కదండీ?" ధర్మా ఫోను ఎత్తకుండా కాసేపు మోగనిచ్చాడు. "మా అమ్మ పోయినప్పుడు రెండు రోజులు ఇదే పెట్టామండీ. ఎన్ని కొత్త పాటలొచ్చినా మనసుకి ఇదే కావాలి. ఏం గొంతండీ! తేనె."

సత్యానందం మెడ వెనక గోక్కున్నాడు. చెబుదామని నోరు తెరిచాడు. ధర్మా కళ్లలో తడి కనిపించి, "వైరు జర జాగ్రత్త, షాక్ కొడ్తది," అని మాత్రం అన్నాడు. టీ తెప్పిస్తానన్నా ఆగలేదు.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. రైసు మిల్లుల ఊక గాలిలో తేలి చొక్కా మీద వాలుతోంది. జానమ్మ టీచరు ఇంటి ముందు చెప్పులు విడిచి, మళ్లీ వేసుకుని, మళ్లీ విడిచాడు. పొద్దున బస్టాండు నుంచి ఫోను చేసి "రికార్డు కోసం వస్తున్న" అని చెప్పాడు. ఆమె "రా" అంది.

ఆమె కూతురు సరళ తలుపు తీసింది. "అమ్మ మీ కోసమే పొద్దటి సంది కూసున్నదన్నా. ఇప్పుడే కన్నంటుకుంది. లేపన్నా?"

మంచం మీద ఎనభై ఆరేళ్ల మనిషి దుప్పటిలో దుప్పటిలా కలిసిపోయి ఉంది. ఒక్క కుడిచెయ్యి బయట ఉంది. సుద్దముక్క పట్టినట్టు రెండు వేళ్లు దగ్గరగా ముడుచుకున్నాయి. పక్క స్టూలు మీద, పాత తెల్లచీరతో కుట్టిన సంచిలో రికార్డు.

"సంచి నాడా నేను కడ్తనంటే వద్దన్నది," సరళ నవ్వింది. "చేతులు వణుకుతున్నా తనే కట్టుకుంది. పావుగంట పట్టింది."

లేపితే ఆమె ముఖంలోకి చూసి చెప్పాలి. నిద్రపోతున్నందుకు ప్రాణం తేలికపడింది. అలా పడినందుకు సిగ్గేసింది.

"వద్దులే చెల్లె, పండనియ్యి. ఆదివారం గుడి పండుగ కాంగనె వస్త. సరిచేసిన అని నేనే చెప్త."

పది నిమిషాలు కూర్చున్నాడు. ఫ్యాను టకటకమంటోంది. స్టూలెక్కి రెక్క బిగించాలనిపించింది. నిద్ర చెడుతుందని ఊరుకుని, తెల్లచీర సంచి తీసుకుని బయల్దేరాడు.

సూర్యాపేటలో దిగేటప్పటికి దీపాలు పెట్టే వేళ. అటక మీది రికార్డు ప్లేయరు దింపి, దుమ్ము తుడిచి, సాగిపోయిన బెల్టు తీసేసి కొత్తది వేశాడు. స్కూటరు స్టాండు వేసి వచ్చిన కొడుకు గోపి, "ఇప్పుడిదెందుకు నాయినా, లేనిపోని లొల్లి?" అన్నాడు. జవాబు చెప్పకుండా సత్యానందం ముల్లు దించాడు.

చిటపటలు కాసేపు. తర్వాత ఆ గొంతు.

వంటింట్లో సౌమ్య చపాతీ కర్ర ఆగింది. పిండి చేతులతోనే బయటికి వచ్చింది. "ఎవరు మామా గాయన?"

"గాయన కాదు బిడ్డా. ఎలీసమ్మ."

"ఊకోండ్రి! ఎలీసమ్మ గొంతు నాకు తెల్వదా?"

"నీకు తెల్సింది నేను తిప్పిన గొంతు." జేబులోంచి టెస్టరు తీసి చూపించి, సగం చుట్టు కథ మొదటి నుంచి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఎవరి ముఖంలోకీ చూడలేదు.

సువార్త గోడకు ఆనుకుని, "నలభై ఏండ్లు నా పక్కల పండి నాకు గూడ చెప్పకపోతివి," అంది. కోపమో నవ్వో తెలియలేదు.

గోపి తల పట్టుకున్నాడు. "అయిపోయిందేందో అయిపోయింది. ఇగ బయట మాత్రం అనకు నాయినా. మూడు ఊర్లల్ల నవ్వుతరు. ఎలీసమ్మ క్యాసెట్టు అంటెనే మన కొట్టు పేరు."

అప్పుడు వినిపించింది. తలుపు పక్కన నిలబడి దివ్య కూనిరాగం తీస్తోంది. రికార్డులోని గొంతు ఎక్కడ ఉంటే అక్కడే, మెడనరాలు బిగుసుకోకుండా, ఊపిరి పట్టకుండా. పిల్లకే తెలియనట్టుంది తను పాడుతున్నానని. చరణం దగ్గర ఎలీసమ్మ ఇంకా కిందికి దిగింది. దివ్య కూడా మెట్లు దిగినట్టు దిగింది.

సౌమ్య పిండి చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫోను మోగింది. సత్యానందం కుడి చెవికి ఆనించుకున్నాడు.

"అన్నా," అంది సరళ. "మీరు పోయినంక టీ ఇద్దామని లేపిన. అమ్మ లేవలేదు."

పాట అయిపోయి ముల్లు ఖాళీ గాడిలో గీరుకుంటూ తిరుగుతోంది. అతను వెళ్లి ముల్లెత్తాడు. పొద్దటి నుంచి మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. విషయం చెప్పాడు. సువార్త లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నాడు.

"రేపు పొద్దుగాల అందరం మిర్యాలగూడ పోతున్నం. మైకు సెట్టు మనదే. టీచరమ్మకు ఈ రికార్డే పెడ్త, ఉన్నదున్నట్టు. ఆదివారం గుళ్లె లేసి నిలబడి నేను చేసింది చెప్త. నవ్వేటోళ్లు నవ్వనియ్యి. దివ్య ముందు వరసల నిలబడుతది. గీ శ్రుతిలనే పాడుతది."

గోపి తండ్రి ముఖంలోకి చూశాడు. వసారాలోకి వెళ్లి పొద్దున కింద పడిన తీగచుట్ట తీసి, ముడులు విప్పడం మొదలుపెట్టాడు.

బల్ల మీద తెల్లచీర సంచి ఖాళీగా పడి ఉంది. విప్పి చాలాసేపైనా దాని నాడా, ఆమె వేసిన ముడి దగ్గర, ఇంకా వంకర తిరిగే ఉంది.